పడిశమా, ఫ్లూ జ్వరమా? ముందు గడియారం చూడండి

రెండేళ్ల కిందట ఆగస్టులో మా ఇంట్లో ఒకే వారంలో ఇద్దరు మంచాన పడ్డారు. మొదట మా తమ్ముడి కొడుకు, ఐదేళ్లవాడు. వాడికి సోమవారం గొంతు గరగర, మంగళవారం తుమ్ములు, బుధవారానికి ముక్కు ధార కట్టింది. అయినా ఇల్లంతా దూకుతూనే ఉన్నాడు. తర్వాత మా అమ్మ. అరవై ఎనిమిదేళ్లు, షుగరుంది. గురువారం పొద్దున పదకొండు దాకా వసారాలో కూర్చొని చెనక్కాయలు వలిచిన మనిషి, రెండింటికి నేను అన్నానికి వచ్చేసరికి రెండు దుప్పట్లు కప్పుకొని వణుకుతోంది. "పిల్లోడి పడిశం అంటుకున్నట్టుంది లేరా" అంది. నేనూ అదే అనుకున్నా. మెడికల్ షాపుకు పోయి జలుబు, జ్వరానికి రెండు పూటల మాత్రలు తెచ్చిచ్చా.

ఆదివారం రాత్రికి ఆయాసం మొదలైంది. ఆసుపత్రిలో డాక్టరమ్మ అడిగిన మొదటి ప్రశ్న: "ఎప్పుడు మొదలైంది? ఏ రోజు, ఏ పూట?" నేను "మూడు నాలుగు రోజులుగా పడిశం మేడమ్" అన్నా. ఆమె నన్ను వదిలేసి అమ్మ వైపు తిరిగింది. "గురువారం మధ్యాహ్నం తల్లీ, చెనక్కాయలు వలుస్తా ఉంటే వెన్నులోంచి చలి పుట్టింది" అంది అమ్మ. డాక్టరమ్మకు కావాల్సింది ఆ మాటే. ఫ్లూ జ్వరం, దాని మీద న్యుమోనియా. ఆరు రోజులు వార్డులో ఉండి ఇంటికొచ్చింది.

అప్పటి నుంచి మా ఇంట్లో ఎవరు తుమ్మినా నేను చేసే పని ఒక వరుసలో ఉంటుంది. ఆ వరుసే ఇక్కడ రాస్తున్నా. నేను డాక్టరును కాను. రోగం పేరు తేల్చడం డాక్టరు పని. ఇంట్లో కూర్చుందామా, ఇవాళే బయల్దేరుదామా అని తేల్చుకోవాల్సింది మాత్రం మనమే.

1. మొదలైన టైము రాసుకోండి

థర్మామీటరు కంటే ముందు క్యాలెండరు చూడండి. నిన్నటి కాగితం చించి, దాని వెనక రాయండి: ఏ రోజు, ఎన్నింటికి, అప్పుడు ఏం చేస్తున్నారు.

పడిశం మెల్లగా వస్తుంది. ఒకరోజు గొంతులో ఏదో గీరినట్టు, మర్నాడు తుమ్ములు, ఆ తర్వాత ముక్కు కారడం, దిబ్బడ. రెండో రోజో మూడో రోజో బాగా ముదిరి, అక్కడి నుంచి తగ్గుముఖం పడుతుంది. ఎప్పుడు మొదలైందని అడిగితే "మొన్నటి నుంచో, అటు మొన్నటి నుంచో" అంటారు. ఫ్లూ అలా కాదు. వచ్చిన గంట గుర్తుంటుంది. "బస్సు ఎక్కేటప్పుడు బాగానే ఉన్నా, గుత్తి దాటేసరికి ఒళ్లు కాలిపోయింది" అన్నారంటే ముందు ఫ్లూనే అనుమానించండి.

తేడా ఎందుకంటే రెండిటికీ కారణమైన వైరస్‌లు వేరు. పడిశం తెచ్చే వైరస్‌లు రెండొందలకు పైనే ఉన్నాయి, వాటిలో ఎక్కువసార్లు కనిపించేది రైనోవైరస్. అది ముక్కు, గొంతు దగ్గరే ఎక్కువగా తిష్ఠ వేస్తుంది. ఫ్లూకు కారణం ఇన్‌ఫ్లుయెంజా ఎ, బి రకాలు. దీని దెబ్బ ముక్కు దగ్గర ఆగదు, ఒళ్లంతా కూలదోస్తుంది. సోకిన ఒకటి నుంచి నాలుగు రోజుల్లో బయటపడుతుంది. 2009లో అందరినీ హడలెత్తించిన స్వైన్ ఫ్లూ ఈ ఎ రకంలోదే. ఆ ఏడాది మేలో దేశంలో మొదటి కేసు బయటపడింది హైదరాబాద్‌లోనే. అది ఎక్కడికీ పోలేదు, మామూలు సీజన్ ఫ్లూగా ఇప్పటికీ తిరుగుతోంది. మన దేశంలో ఫ్లూ ఏడాదికి రెండుసార్లు పెరుగుతుంది: వానాకాలంలో ఒకసారి, జనవరి నుంచి మార్చి లోపల ఇంకోసారి.

2. మాత్ర వేయకముందే జ్వరం చూడండి

అందరం తప్పు చేసేది ఇక్కడే. నుదుటి మీద చెయ్యి పెట్టి "కొంచెం వెచ్చగా ఉంది" అని ఒక పారాసెటమాల్ వేసేస్తాం. గంటకు జ్వరం దిగుతుంది. తర్వాత డాక్టరు అడిగితే ఎంత ఉండిందో చెప్పడానికి ఏమీ ఉండదు. పైగా మన ఎండలకు బయటి నుంచి వచ్చినవాళ్ల నుదురు ఎప్పుడూ వెచ్చగానే ఉంటుంది.

డిజిటల్ థర్మామీటరు ఒకటి ఇంట్లో పెట్టుకోండి. కాఫీ, టీ తాగిన వెంటనే నోట్లో పెట్టొద్దు, ఓ ఇరవై నిమిషాలు ఆగండి. పిల్లలకు చంకలో పెట్టండి. చెమట తుడిచి, చెయ్యి దగ్గరికి నొక్కిపట్టి, బీప్ అనేదాకా తియ్యొద్దు. చంకలో చూస్తే నోటి కంటే అర డిగ్రీ నుంచి ఒక డిగ్రీ దాకా తక్కువ చూపిస్తుంది. 100.4 ఫారన్‌హీట్ దాటితే జ్వరం కింద లెక్క. కొన్ని థర్మామీటర్లు సెల్సియస్‌లో చూపిస్తాయి, అందులో ఇదే 38.

పడిశంలో పెద్దవాళ్లకు జ్వరం ఉండదు, ఉన్నా కొద్దిగానే. ఫ్లూలో 101, 102, ఒక్కోసారి 104 దాకా పోయి మూడు నాలుగు రోజులు దిగదు. రెండు మెలికలున్నాయి. పసిపిల్లలకు మామూలు పడిశంలోనూ జ్వరం రావచ్చు. బాగా వయసు మళ్లినవాళ్లకు ఫ్లూలో కూడా జ్వరం అంతగా రాకపోవచ్చు. జేజి మంచం దిగకుండా, అన్నం వద్దంటూ, మాట తడబడుతూ ఉంటే థర్మామీటరు 99 చూపించింది కదా అని నిబ్బరంగా ఉండొద్దు.

పొద్దున, మధ్యాహ్నం, రాత్రి చూసి అదే కాగితం మీద టైముతో సహా రాయండి. మాత్ర వేసిన టైము కూడా పక్కనే.

3. లేచి కూర్చోమనండి

దీనికి ఏ పరికరమూ అక్కర్లేదు. పడిశం పట్టినవాళ్లు విసుక్కుంటూ అయినా లేస్తారు, స్నానం చేస్తారు, ఫోను చూస్తారు, ఉగ్గాని చేస్తే బజ్జీ ఏదని అడుగుతారు. ఫ్లూ వచ్చినవాళ్లు లేవలేరు. బాత్రూము దాకా పోయి రావడమే పెద్ద పని. నడుము, తొడలు, భుజాలు రోకలితో దంచినట్టు ఉంటాయి, తల పగిలిపోతుంటుంది. దగ్గు పొడిగా, ఛాతీ అదిరేలా వస్తుంది.

ముక్కు కారడం, తుమ్ములు పడిశంలో ముందు వరుసలో ఉంటాయి. ఫ్లూలో అవి ఉండొచ్చు, లేకపోవచ్చు. కాబట్టి ముక్కును బట్టి తీర్పు చెప్పకండి. చీమిడి పచ్చగా మారింది కాబట్టి యాంటీబయాటిక్ వాడాలన్నది కూడా పొరపాటే. మామూలు పడిశంలోనూ మూడో రోజుకు చీమిడి చిక్కబడి పచ్చగా అవుతుంది. యాంటీబయాటిక్ వైరస్ మీద పనిచేయదు.

వాంతులు, విరేచనాలు ఫ్లూలో పెద్దవాళ్ల కంటే పిల్లలకు ఎక్కువ. అందుకే "బయట ఏదో తిన్నాడు" అని వదిలేసే పిల్లల జ్వరాల్లో కొన్ని ఫ్లూ అయి ఉంటాయి.

4. డెంగీ సంగతి చూడకుండా ముందుకు పోవద్దు

మన రాయలసీమ జిల్లాల్లో దీన్ని దాటేయలేం. కుళాయి నీళ్లు రోజూ రాని వీధుల్లో ప్రతి ఇంటి ముందూ డ్రములు, తొట్లు ఉంటాయి. డెంగీ దోమ గుడ్లు పెట్టేది ఆ నిలవ ఉన్న మంచి నీళ్లలోనే. వానాకాలంలో ఫ్లూ, డెంగీ రెండూ ఒకే వీధిలో తిరుగుతాయి. డెంగీ కూడా ఉన్నట్టుండి వస్తుంది, ఒళ్లు విరిచేస్తుంది, జ్వరం 103, 104 పోతుంది. అంటే పైన చెప్పిన మూడు పరీక్షల్లోనూ డెంగీ ఫ్లూ లాగే కనిపిస్తుంది.

ఇక్కడ చూడాల్సింది దగ్గు, గొంతు. ఫ్లూలో దగ్గు, గొంతు నొప్పి చాలావరకు ఉంటాయి. డెంగీలో సాధారణంగా ఉండవు. కంటి గుడ్ల వెనక నొప్పి, కీళ్ల నొప్పులు, వాంతులు, ఒంటి మీద ఎర్రటి మచ్చలు, చిగుళ్ల నుంచి రక్తం, ఇవి డెంగీ వైపు చూపిస్తాయి. దగ్గు లేని గట్టి జ్వరం వస్తే రెండో రోజు దాటనివ్వకుండా రక్త పరీక్ష చేయించండి. మొదటి ఐదు రోజుల్లో ఎన్ఎస్1 అనే పరీక్షలో డెంగీ తెలుస్తుంది. ఇంకో విషయం: డెంగీలో ప్రమాదం ఎక్కువగా జ్వరం దిగే రోజుల్లో మొదలవుతుంది. జ్వరం తగ్గింది కదా అని ఊపిరి పీల్చుకున్న రోజే కడుపు నొప్పి, ఆగని వాంతులు వస్తే ఆసుపత్రికి పరిగెత్తాలి.

డెంగీ కాదని తేలేదాకా నొప్పులకు పారాసెటమాల్ ఒక్కటే. ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్, ఆస్పిరిన్ వద్దు, రక్తస్రావం ముప్పు పెరుగుతుంది. పల్లెల్లో "ఒక సూది వేయించుకుంటే పొద్దునకు లేస్తావు" అంటారు. ఆ సూది చాలాసార్లు డైక్లోఫెనాకే అయి ఉంటుంది. సూది వేసే మనిషిని, ఎంత తెలిసినవాడైనా సరే, "అన్నా, ఇందులో ఏముంది?" అని అడగండి. చెప్పకపోతే చెయ్యి చాపొద్దు.

కరోనా ఇంకా ఉంది. దాన్నీ ఫ్లూనీ లక్షణాలు చూసి విడదీయడం డాక్టర్లకే కష్టం, పరీక్ష చేస్తే తప్ప తెలియదు. ఇంట్లో తీసుకునే జాగ్రత్తలు మాత్రం రెండిటికీ ఒకటే. ఇక ఆదోనిలో పత్తి మిల్లుల పక్కన ఉండేవాళ్లకు, మావైపు చెనక్కాయ కట్టె ఆడించే రోజుల్లో కళ్లంలో పనిచేసేవాళ్లకు వారాల తరబడి తుమ్ములు వస్తుంటాయి. జ్వరం ఉండదు, కళ్లూ ముక్కూ దురద పెడతాయి. అది దుమ్ము పడకపోవడం, అలర్జీ. దానికి దారి వేరు.

5. ఎవరికి వచ్చిందో చూసి నిర్ణయం తీసుకోండి

లక్షణాలు ఫ్లూ వైపే ఉన్నాయనుకుందాం. ఇరవై ఐదేళ్ల గట్టి మనిషికి వస్తే ఇంట్లో పడుకొని, నీళ్లు తాగుతూ, జ్వరానికి పారాసెటమాల్ వేసుకుంటూ ఉంటే వారంలో లేస్తాడు. పరీక్ష కూడా అక్కర్లేదు.

అరవై ఐదు దాటినవాళ్లు, ఐదేళ్ల లోపు పిల్లలు, అందులోనూ రెండేళ్ల లోపువాళ్లు, గర్భిణులు, షుగరు, ఉబ్బసం, గుండె, కిడ్నీ జబ్బులున్నవాళ్లు అయితే మాత్రం లెక్క మారుతుంది. వీళ్లు ముదిరేదాకా ఆగకూడదు. ఒసెల్టామివిర్ అని ఫ్లూకు మందుంది. మొదలైన 48 గంటల్లోపు మొదలుపెడితే బాగా పనిచేస్తుంది. ఇలాంటివాళ్లకు పరీక్ష ఫలితం వచ్చేదాకా ఆగకుండా డాక్టర్లు లక్షణాలు చూసే రాసేస్తారు. 48 గంటలు దాటినా జబ్బు ముదిరితే ఇస్తారు, కానీ ముందు పడితే మేలు. మా అమ్మకు గురువారం మధ్యాహ్నం నుంచి లెక్కేస్తే శనివారం మధ్యాహ్నంతో ఆ గడువు అయిపోయింది. అప్పుడు నేను షాపు నుంచి తెచ్చిన మాత్రల్లో రెండో విడత ఇస్తున్నా.

ఈ మందు డాక్టరు చీటీ మీదే కొనాలి. కిడ్నీ జబ్బుంటే మోతాదు మారుతుంది.

6. మాత్రల షీటు తిప్పి చదవండి

జలుబు మాత్ర అని షాపులో ఇచ్చేది ఒక మందు కాదు, రెండు మూడు కలిపింది. వెనక చిన్న అక్షరాల్లో చూడండి. చాలావాటిలో పారాసెటమాల్ 325 గానీ 500 గానీ ఉంటుంది, దానితో ముక్కు దిబ్బడకు వాడే ఫినైలెఫ్రిన్, నిద్రమత్తు తెచ్చే క్లోర్‌ఫెనిరమిన్ లాంటివి. ఇది తెలియక పక్కన ఇంకో జ్వరం మాత్ర వేసుకుంటారు. లెక్క చూడండి: పారాసెటమాల్ 650 మాత్ర రోజుకు నాలుగు అంటే 2,600 మిల్లీగ్రాములు. 500 పారాసెటమాల్ ఉన్న జలుబు మాత్ర రోజుకు మూడు అంటే 1,500. మొత్తం 4,100. పెద్దవాళ్లకు రోజు మొత్తంలో 4,000 దాటకూడదు. అది కూడా గట్టి మనుషుల మాట. మద్యం తాగే అలవాటున్నా, లివర్ జబ్బున్నా, మనిషి బక్కగా ఉన్నా అంతకంటే బాగా తక్కువలోనే ఆపాలి. రెండు డోసుల మధ్య కనీసం నాలుగు గంటలు, ఆరైతే మంచిది.

బీపీ ఉన్నవాళ్లు ఫినైలెఫ్రిన్ ఉన్న మాత్ర డాక్టరును అడగకుండా వేసుకోవద్దు, బీపీ పెరగొచ్చు. ఆటో, లారీ నడిపేవాళ్లు క్లోర్‌ఫెనిరమిన్ వేసుకొని బండెక్కొద్దు. ఈ రెండూ కలిపిన జలుబు మందు నాలుగేళ్లలోపు పిల్లలకు వాడకూడదని కేంద్రం 2023 డిసెంబరులో ఆదేశించింది. ఇంట్లో పాత సీసా ఉంటే పారేయండి. పిల్లలకు జ్వరం మందు వయసును బట్టి కాక బరువును బట్టి ఇవ్వాలి, కాబట్టి అంగన్‌వాడీలో తూకం వేయించి డాక్టరుకు చెప్పండి. ఆస్పిరిన్ పిల్లలకు అసలు వద్దు. ఏడాది నిండని బిడ్డకు తేనె నాకించొద్దు. ఆవిరి పట్టడానికి మసిలే నీళ్ల గిన్నె ముందు పిల్లల్ని కూర్చోబెట్టొద్దు, ఒలికితే కాలిపోతారు.

మిరియాల చారు, అల్లం టీ, ఉప్పునీటి పుక్కిలింత వైరస్‌ను చంపవు గానీ గొంతుకు హాయినిస్తాయి. అది చాలు, వాడుకోండి. తిండి విషయంలో మన పెద్దవాళ్లతో గొడవ తప్పదు. "లంఖణం పరమౌషధం" అంటారు. షుగరు మాత్రలు వేసుకుంటూ పస్తుంటే చక్కెర పడిపోయి కళ్లు తిరుగుతాయి. సంకటి ముద్ద దిగకపోతే రాగి అంబలి పలుచగా మజ్జిగ కలిపి ఇవ్వండి. వాంతులు, విరేచనాలుంటే ఓఆర్ఎస్ పెద్ద ప్యాకెట్ లీటరు నీళ్లలో మొత్తం ఒకేసారి కలపండి. సగం ప్యాకెట్, సగం చెంబు లెక్కలు వద్దు.

7. ఊపిరి లెక్కపెట్టండి

ఇది నేర్చుకుంటే మిగతావన్నీ మరిచిపోయినా ఫర్వాలేదనిపిస్తుంది నాకు. బిడ్డ ఏడవకుండా, పాలు తాగకుండా ఉన్నప్పుడు, నిద్రలో అయితే ఇంకా మంచిది, చొక్కా పైకి తీసి పొట్ట చూడండి. పొట్ట లేచి పడితే ఒకటి. ఫోనులో టైమరు పెట్టుకొని పూర్తిగా ఒక నిమిషం లెక్కపెట్టండి. పదిహేను సెకన్లు చూసి నాలుగుతో గుణిస్తే తప్పు వస్తుంది, పిల్లల ఊపిరి ఒక వరుసలో ఉండదు. రెండు నెలల లోపు బిడ్డకు 60, రెండు నెలల నుంచి ఏడాది లోపు 50, ఏడాది నుంచి ఐదేళ్ల లోపు 40. ఈ అంకెలకు చేరినా, దాటినా న్యుమోనియా అనుమానించాలి. ఊపిరి తీసినప్పుడు డొక్కలు లోపలికి పోతుంటే లెక్కతో పనిలేదు, బయల్దేరండి. పాలు పట్టకపోయినా, లేపితే లేవకపోయినా అంతే.

పెద్దవాళ్లలో చూడాల్సినవి: నాలుగు మాటలు చెప్పేలోపు ఆయాసం, ఛాతీ నొప్పి, తెమడలో రక్తం, పెదాలు నీలంగా మారడం, మతి తప్పినట్టు మాట్లాడటం, పొద్దుటి నుంచి మూత్రం రాకపోవడం. కరోనాప్పుడు కొన్న ఆక్సీమీటరు అలమరలో ఉంటే బ్యాటరీ మార్చి వాడండి. గోళ్లరంగు ఉంటే తుడిచి, చెయ్యి చల్లగా ఉంటే రుద్ది పెట్టండి. 94 కంటే తగ్గితే ఆసుపత్రే. ఇంకొకటి చాలామంది మోసపోయేది: జ్వరం తగ్గి, రెండు రోజులు బాగుండి, మళ్లీ జ్వరం, అంతకు మించిన దగ్గు. అది ఫ్లూ వెనకాల వచ్చిన బాక్టీరియా న్యుమోనియా కావచ్చు. యాంటీబయాటిక్ అవసరం పడేది అప్పుడు.

వీటిలో ఏది కనిపించినా 108కి ఫోను చేయండి. కర్నూలు, అనంతపురం సర్వజన ఆసుపత్రులు, కడప రిమ్స్, మూడు చోట్లా రాత్రీ పగలూ అత్యవసర విభాగం ఉంటుంది. పోయేటప్పుడు ఆ క్యాలెండరు కాగితం, వాడిన మాత్రల షీట్లు సంచిలో వేసుకోండి.

8. మిగతావాళ్లకు అంటకుండా

ఫ్లూ వచ్చినవాళ్లు లక్షణాలు కనిపించే ముందు రోజు నుంచే అంటిస్తుంటారు, ఆ తర్వాత ఐదు నుంచి ఏడు రోజుల దాకా. వేరే గది లేకపోతే కిటికీ పక్కన మంచం వేయండి, మాస్కు పెట్టండి, గ్లాసు వేరు చేయండి. మందు వేయకుండా జ్వరం లేకుండా ఒక రోజంతా గడిచేదాకా బడికి, పెళ్లికి, బస్సెక్కడానికి పంపొద్దు.

ఏటా వేసుకునే ఫ్లూ టీకా ఉంది. ఆరు నెలలు నిండిన బిడ్డ నుంచి ముసలివాళ్ల దాకా వేయొచ్చు. వేశాక పనిచేయడానికి రెండు వారాలు పడుతుంది, అందుకే వానలకు ముందే వేయించుకోవాలి. వైరస్ రూపు మార్చుకుంటూ ఉంటుంది కాబట్టి పోయినేడు వేసుకున్నది ఈ ఏడాదికి చాలదు. అమ్మకు మేము మే నెలలో వేయిస్తున్నాం. టీకా వేసుకున్నా ఆమెకు పడిశం పడుతూనే ఉంది. "డబ్బులు తగలేశావు" అంటుంది. పడిశానికీ ఆ టీకాకూ సంబంధం లేదని రెండుసార్లు చెప్పా, మూడోసారి చెప్పే ఓపిక లేదు.

పడిశమైనా ఫ్లూ అయినా దగ్గు ఒక్కోసారి రెండు మూడు వారాలు సాగుతుంది. అయినా రెండు వారాలు దాటితే ఊరి ఆశా కార్యకర్తను అడిగి తెమడ పరీక్ష చేయించండి. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో టీబీ పరీక్ష ఉచితం. పొద్దున లేవగానే, పళ్లు తోమకముందు, నీళ్లతో నోరు పుక్కిలించి, లోపలి నుంచి దగ్గి డబ్బాలో వేయాలి. ఉమ్మి పనికిరాదు.